ఎన్నడూ కలవని కూటమి విలువ తెలియకుండా కిరాయి ఆదాను పంచడం ఎలా?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)

పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురాల్లో జీడిపిక్కలు కొనే ముగ్గురు వ్యాపారులం ఈసారి ఒకే లారీ కట్టుకొని పలాసకు సరుకు పంపాము. ఎవరికి వారు పంపుకుంటే అయ్యే కిరాయిలో రూ. 12,000 మిగిలింది. గతంలో నేనూ కాశీనగరం వారూ కలిసినప్పుడు 6,000, నేనూ గుణుపురం వారూ కలిసినప్పుడు 3,000 మిగిలాయి. నేను లేకుండా వారిద్దరూ ఎన్నడూ లారీ కట్టలేదు. షాప్లీ విలువ (కలిసి సాధించిన లాభాన్ని పంచే ఒక గణిత పద్ధతి) ప్రకారం పంచుకుందామంటే, ఆ ఇద్దరి కూటమి విలువ, అంటే వారిద్దరే కలిస్తే మిగిలే మొత్తం, తెలియక లెక్క సాగడం లేదు. దాన్ని సున్నా అనుకోవచ్చునా?

సమాధానం (రాయగడ)

లాయిడ్ షాప్లీ 1953లో చూపిన పద్ధతిలో, సభ్యులు చేరగల వరుసలన్నిటిలోనూ ఒకరి రాకవల్ల పెరిగిన మొత్తాల సగటే వారి వాటా. తెలియని అంకెను ‘క్ష’ అంటే మీకు 5,500 − క్ష/3, కాశీనగరానికి 4,000 + క్ష/6, గుణుపురానికి 2,500 + క్ష/6 వస్తాయి. కొన్ని కూటముల విలువ తెలియనప్పటి కోసం విల్సన్ 1993లో ప్రతిపాదించిన విలువ కూడా తెలియని కూటములకు సున్నా వేసిన షాప్లీ విలువతో సమానమే. అయితే గుణుపురం సరుకు మీ ఊరికి కాశీనగరం మీదుగానే దిగుతుంది. దారిలో ఉన్న ఇద్దరు కలిస్తే పైసా మిగలదనడం మీకు లాభించే ఊహ తప్ప న్యాయం కాదు.

సమాధానం (బరంపురం)

కలిస్తే నష్టం లేదన్న ఒక్క షరతుతో క్ష సున్నాకూ 12,000కూ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. అది 9,750 దాటితే షాప్లీ వాటాలు కోర్‌లో (ఎవరూ విడిపోయి ఎక్కువ పొందలేని పంపకాల్లో) నిలవవు, అంటే వారిద్దరూ మిమ్మల్ని వదిలి వెళ్లడమే వారికి మేలవుతుంది. కూటమి పెరిగేకొద్దీ కొత్తగా చేరేవారివల్ల వచ్చే ఆదా తగ్గదనుకుంటే క్ష 6,000 దాటదు. లారీలో చోటున్నంతవరకు ఈ ఊహ నమ్మదగినదే; బస్తాలు నిండి రెండో లారీ కట్టవలసి వస్తే చెల్లదు. చెల్లినంతవరకు మీకు 3,500, కాశీనగరానికి 4,000, గుణుపురానికి 2,500 తగ్గే ప్రసక్తి లేదు కనుక ఈ 10,000 ఇప్పుడే పంచేసి, తగవున్న 2,000 మాత్రం ఆపండి.

ప్రశ్నించినవారు

ఒకే లారీలో సరిపోయింది. వారిద్దరి సరుకుకే కిరాయి ఎంతని ట్రాన్స్‌పోర్టు వారిని అడిగితే 4,500 మిగులుతుందని తేలింది. అంటే నాకు 4,000, కాశీనగరానికి 4,750, గుణుపురానికి 3,250. కాని నా పాత అంకెలు రెండూ నిరుటి కిరాయి మీదివి.

సమాధానం (రాయగడ)

అలాగైతే ఆ రెంటినీ కూడా ఈ ఏటి ధరకే అడిగించండి. ఒక కూటమికి పాత ధర, మరొక కూటమికి కొత్త ధర వేస్తే కిరాయి పెరిగిన తేడా కాస్తా ఎవరో ఒకరి వాటాలోకి చేరిపోతుంది. అప్పటిదాకా 2,000తో పాటు ఆ 10,000 లెక్కనూ తాత్కాలికమనే రాసుకోండి.