ఆక్సిజన్ నీళ్ళ నుంచే వస్తే, వంట సోడా వేస్తే బుడగలు ఎందుకు పెరిగాయి?

అందరికీ నమస్తే అండి, మా పాప టెన్త్, బయాలజీ ప్రాజెక్ట్ కోసం హైడ్రిల్లా అనే నీటి మొక్కతో, కిరణజన్య సంయోగక్రియలో వచ్చే ఆక్సిజన్ బుడగలు చూసే ప్రయోగం ఇంట్లోనే పెట్టాం, అదే బీకరులో నీళ్ళు, మొక్క మీద గరాటు, దాని మీద నీళ్ళు నింపి బోర్లించిన టెస్ట్ ట్యూబ్. ఎల్ఈడీ టేబుల్ లైట్ 40 సెంటీమీటర్ల నుంచి 20కి జరిపితే బుడగలు బాగా పెరిగాయి, 10కి తెచ్చినా మాత్రం పెద్ద తేడా లేదు. దూరం సగం చేస్తే వెలుతురు దాదాపు నాలుగింతలు అవ్వాలి కదా, మరి మొక్క ఎందుకు వాడుకోట్లేదు అనుకుని నీళ్ళల్లో చిటికెడు వంట సోడా కలిపాం, మళ్ళీ జోరందుకున్నాయి. వంట సోడా నీళ్ళల్లో కార్బన్ డయాక్సైడ్ అందిస్తుంది కదా, అంటే అంతకుముందు అది సరిపోలేదన్నమాట, ఇక్కడిదాకా ఓకే.

పాప అడిగిన డౌటే నాకు తెగట్లేదు. ఆక్సిజన్ వచ్చేది నీళ్ళు విడిపోయే కదా, 1941లో రూబెన్, కామెన్ అనే శాస్త్రవేత్తలు ఆక్సిజన్-18 (కాస్త బరువైన ఆక్సిజన్ రకం) ఉన్న నీళ్ళతో చూపించారు కూడా. మరి నీళ్ళకి కరువు లేదు, లైట్ ఫుల్లుగా ఉంది, కార్బన్ డయాక్సైడ్‌తో పనే లేని స్టెప్ ఎందుకు ఆగుతోంది? నాకు తోచింది ఏంటంటే, వెలుతురు శక్తిని దాచుకునే అణువులైన ఏటీపీ, ఎన్ఏడీపీహెచ్‌లని కాల్విన్ సైకిల్ (కార్బన్ డయాక్సైడ్ నుంచి చక్కెర తయారయ్యే దశ) వాడేస్తేనే వాటి ఖాళీ రూపాలైన ఏడీపీ, ఎన్ఏడీపీ వెనక్కి వస్తాయి, అవి రాకపోతే నీళ్ళు విడగొట్టే పని కూడా నెమ్మదిస్తుంది. ఇది కరెక్టేనా? టెన్త్ పిల్లకి సింపుల్‌గా ఎలా చెప్పాలి?

ఇంకోటి, బుడగల సైజు ఒకేలా ఉండట్లేదు, లెక్కపెట్టే బదులు ట్యూబులో చేరిన గ్యాస్ కొలవడం మేలంటారా? టీచర్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.