‘ఓ’ యనుదఁటా, ‘కో’ యనుదఁటా?

కక్ష్య:
పోతన పద్యం ఒకటి సగం గుర్తొచ్చి పీకుతోంది. “శరణార్థుల కోయనుదఁట పిలిచిన...” ముందూ వెనకా ఏమిటి? గ్రావిటీ (2013) సినిమా కథానిర్మాణం మీద వ్యాసానికి కావాలి. ఇంధనం అయిపోయిన సోయజ్ అనే రష్యన్ వ్యోమనౌకలో కథానాయిక స్టోన్ ఒక్కతే రేడియో పట్టుకుని కూర్చునే ఘట్టం పక్కన పెడదామని. అసలు ప్రశ్న వేరే: గజేంద్రుడి కథలో ఈ పద్యం మలుపుకు ముందు మెట్టా, మలుపేనా? పనిలో పని, ఆ ‘కో’ ఏమిటి?

అరసున్న:
కందం. అష్టమ స్కంధం.

వినుదఁట జీవుల మాటలు
చనుదఁట చనరాని చోట్ల శరణార్థులకో
యనుదఁట పిలిచిన సర్వముఁ
గనుదఁట సందేహమయ్యెఁ గరుణావార్ధీ!

‘కో’ ఏమీ లేదు. శరణార్థులకు + ఓ + అనుదు + అఁట. ఉత్వసంధి, ఆ పైన యడాగమం. పిలిస్తే ఓ అని పలుకుతాడంటామే, ఆ ‘ఓ’. రెండో పాదం చివర గురువు పడాలి కాబట్టి అక్కడ వేలాడుతోంది, అంతే.

బండి ఱ:
‘అంతే’ అని తేల్చేస్తే ఎలా? వెంటనే వచ్చే పద్యం చూడండి: “ఓ కమలాప్త! యో వరద! యో ప్రతిపక్షవిపక్షదూర! కుయ్యో!” కుయ్యి అంటే మొర. కూత, కుయ్యి, కో అన్నీ ఒక కుదురువే అని నా నమ్మకం. ‘శరణార్థుల కో’ అంటే శరణార్థుల కేక. పక్క పద్యంలోనే కుయ్యో పెట్టబోతున్న పోతన చెవికి ఆ కకారం వినపడలేదంటారా?

అరసున్న:
వినపడే ఉంటుంది. వ్యాకరణమే ఒప్పుకోదు. వినుదు, చనుదు, అనుదు, కనుదు, నాలుగింటికీ కర్త నీవు. సంబోధన కరుణావార్ధీ. మీ లెక్కన శరణార్థుల కేక ఆయనే వేస్తాడన్నమాట! మొర పెట్టేది ఏనుగు, పలికేది ఆయన. పైగా ‘కో’ని పిలుపు చేస్తే ‘కు’ ఎగిరిపోతుంది, ఎవరికి పలుకుతాడో చెప్పే మాటే ఉండదు.

ద్రుతం:
ఛందస్సు మీ ఇద్దరికీ సాక్ష్యం చెప్పదు. ‘కో’ ఎలా విరిచినా గురువే. యతి చ–శ, దానికీ దీనికీ సంబంధం లేదు. ఆరో గణం ‘నిచోట్ల’ జగణం, నిక్షేపంగా ఉంది.

నన్నడిగితే తేల్చాల్సింది ‘కో’ కాదు, ‘అఁట’. నాలుగుసార్లు వేశాడు. అఁటలోనే సందేహం ఉందని చాలామంది చదువుతారు. ఉంటే మళ్ళీ “సందేహమయ్యె” అని ఎందుకు? “పలికెడిది భాగవతమఁట” అన్నప్పుడు పోతనకు భాగవతం మీద అనుమానమా? అఁట అంటే విన్నమాట. లోకం చెప్పింది నాలుగు ముక్కల్లో అప్పజెప్పి, ఐదో ముక్క తనది పెట్టాడు. వ్యాసుడి గజేంద్రుడు స్తోత్రం చేస్తాడు గానీ ఇలా నిలదీయడు. ఈ నిలదీత పోతనదే.

కక్ష్య:
నా ప్రశ్నకు దగ్గరికొచ్చారు, అక్కడే ఆగండి. సినిమా గొలుసు ఇలా ఉంటుంది. హబుల్ టెలిస్కోపు దగ్గర ఉపగ్రహ శకలాలు తగులుతాయి, వాళ్ళొచ్చిన షటిల్ పోతుంది. తోటి వ్యోమగామి కొవాల్‌స్కీ గడియారం పెట్టుకోమంటాడు: 90 నిమిషాల్లో అవే శకలాలు మళ్ళీ వస్తాయి. అంతరిక్ష కేంద్రం చేరితే అక్కడి సోయజ్‌కు పారాచూట్ ముందే విచ్చుకుపోయి ఉంటుంది, అంటే భూమికి దిగడానికి పనికిరాదు, చైనా వాళ్ళ కేంద్రం తియాంగాంగ్ దాకా పడవలా వాడుకోవాలి. పారాచూట్ తాళ్ళు కేంద్రానికి చిక్కుకున్నాయి కాబట్టి విప్పడానికి బయటికి రావాలి. బయట ఉండగా రెండో విడత. బతికి లోపలికొచ్చి ఇంజన్ నొక్కితే ఇంధనం లేదు. ఏ మెట్టులోనూ ‘ఆ తర్వాత’ లేదు, అన్నీ ‘అందుకని’. ఒంటరితనం సినిమాల్లో తరచు చెడేది ఇక్కడే. మాట్లాడే మనిషి లేక కథ నిలిచిపోతుంది, రచయిత గతం చూపించి కాలక్షేపం చేస్తాడు. ఇందులో ఒక్క ఫ్లాష్‌బ్యాకూ లేదు. 91 నిమిషాల సినిమాకు 90 నిమిషాల గడియారమే తోడు.

ఇంధనం లేదని తెలిశాకే రేడియో ఘట్టం. ఆ తర్వాత ఆమె ఆక్సిజన్ తగ్గించేస్తుంది.

బండి ఱ:
ఆ రేడియో ఘట్టంతోనే నేను గెలుస్తున్నాను. అవతల దొరికినవాడు గ్రీన్లాండ్ మనిషి అనింగాక్. ఆమె ‘మేడే’ అంటే అది ఆమె పేరనుకుంటాడు. ఫ్రెంచివాళ్ళ ‘నాకు సాయం చెయ్యండి’ నుంచి వచ్చిన మాట అది, అచ్చంగా మన ‘కావవే’. పేరైపోయింది! ఇక భాష లాభం లేదని కుక్కల అరుపు వినిపించాక ఆమె కూడా కుక్కలా ఊళ వేస్తుంది, అతనూ వేస్తాడు. పిలుపూ అదే, పలుకూ అదే. పోతనలోనూ ఏనుగు ఓ కమలాప్త, యో వరద అంటుంది, ఆయన ఓ అంటాడు. ఒకే అక్షరం. అందుకే అది కేకా కావచ్చు, జవాబూ కావచ్చు. సాంకేతికంగా మీరు రైటు, చెవికి నేను రైటు.

అరసున్న:
ఓడిపోయి గెలుపు ప్రకటించుకోవడం మీ దగ్గరే నేర్చుకోవాలి. కానీ ఊళ సంగతి బాగా పట్టారు. అదే ఘట్టాన్ని గ్రీన్లాండ్ వైపు నుంచి హోనాస్ క్వారోన్ చిన్న సినిమాగా తీశాడు, పేరు కూడా అనింగాక్. గ్రావిటీ రచనలో తండ్రి అల్ఫోన్సోతో పాటు ఇతనూ ఉన్నాడు.

ద్రుతం:
పోలిక ముచ్చటగానే ఉంది, కానీ సినిమా లెక్కలు కూడా వేయండి. భూమధ్యరేఖతో హబుల్ కక్ష్య వాలు 28.5 డిగ్రీలు, అంతరిక్ష కేంద్రానిది 51.6. ఆ తేడా సరిచేయాలంటే తక్కువలో తక్కువ సెకనుకు 3 కిలోమీటర్ల వేగమార్పు కావాలి. షటిల్ రోజుల్లో వాడిన జెట్ కుర్చీ ఇవ్వగలిగింది సెకనుకు పాతిక మీటర్లు. నేలమీది నియంత్రణ కేంద్రం హూస్టన్ మూగబోవడమూ అంతే. షటిల్‌కూ కేంద్రానికీ మాటలు మోసే రిలే ఉపగ్రహాలు దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి, కింద కక్ష్యలో శకలాలు వాటిని అందుకోలేవు. పోతన ఇక్కడ నయం. మిగతా దేవుళ్ళు ఎందుకు పలకలేదో “విశ్వమయత లేమి” అని ఒక్క ముక్కలో కారణం చెప్పాడు. విన్నారు, ఊరకున్నారు, అడ్డపడలేదు.

కక్ష్య:
లెక్కలు ఒప్పుకుంటాను. కానీ సోయజ్ మలుపు మాత్రం యంత్రంలోంచే పుట్టింది. అంతకుముందే దూరమైపోయిన కొవాల్‌స్కీ కలలోలా లోపలికొచ్చి మెత్తటి ల్యాండింగ్ రాకెట్లు గుర్తుచేస్తాడు. అవి నిజంగా ఉన్నవే. నేలకు మీటరు లోపు ఎత్తున ఒక్క క్షణం మండి దెబ్బ తగ్గిస్తాయి. వాటికి వేరే ఇంధనం, అందుకే ప్రధాన ఇంజన్ ఎండిపోయినా ఇవి మిగిలాయి. ఆమె శిక్షణలో చదివిందే అది. అంటే పిలిస్తే ఓ అన్నది ఎవరు?

అరసున్న:
అనింగాక్. తెలియని భాషలో.

బండి ఱ:
ఆమే. తన గొంతుకే.

ద్రుతం:
పద్యాల వరస చూడండి, అసలు చిక్కు అక్కడుంది. “కలఁడు కలండనెడివాఁడు గలఁడో లేఁడో” ముందు వస్తుంది. తర్వాత “లావొక్కింతయు లేదు”, అందులో “నీవే తప్ప నితఃపరం బెఱుఁగ”. పూర్తి శరణాగతి. ఏ స్క్రీన్‌ప్లే పుస్తకమైనా అక్కడ మలుపు గీత గీస్తుంది. కానీ పోతన దాని తర్వాత వినుదఁట పెట్టాడు, మళ్ళీ సందేహం! శరణన్నాక కూడా జవాబు రాలేదు కదా. ఆ ఖాళీ సేపే ఈ కందం. దీన్ని మలుపు అంటే ‘నీవే తప్ప’ ఏమవుతుంది? మెట్టు అంటే మలుపు దాటాక మెట్టేమిటి?

అరసున్న:
లావొక్కింతయు అన్నారు కాబట్టి చెబుతున్నాను: వ్యాసంలో ఆ పద్యం కూడా వేస్తే రెండో పాదం ‘తావుల్ దప్పెను’ అని కొట్టకండి. ‘ఠావుల్’. పదమూడో అక్షరం ‘డస్సెన్’లో డ, ఠ–డ యతి. తా పెడితే యతి పోతుంది.

బండి ఱ:
అర్థం కూడా పోతుంది. ఠావు అంటే ఉండవలసిన చోటు. తావు వట్టి చోటు.

అరసున్న:
రెండూ ఒకటే మాట అని నా అభిప్రాయం. ఠ కేవలం యతి కోసమే.

కక్ష్య:
మలుపా, మెట్టా?

అరసున్న:
అది ద్రుతం గారితో తేల్చుకోండి. పద్యం వేసేటప్పుడు మాత్రం ‘శరణార్థులకో’ కలిపి వేయండి. మధ్యలో ఖాళీ వదిలారా, బండి ఱ గారు గెలిచినట్టే.

బండి ఱ:
ఖాళీ వదలండి.