వెస్ట్ హైలాండ్ వే నడకలో రాత్రిళ్లు చవగ్గా ఎక్కడ ఉండాలి?

నమస్తే అండి. మాస్టర్స్ చదవడానికి ఈమధ్యే గ్లాస్గో వచ్చాను. ఆగస్టులో రూమ్మేట్స్‌తో కలిసి మొత్తం ఎనిమిది మందిమి ఇక్కడ స్కాట్లాండ్‌లో వెస్ట్ హైలాండ్ వే అనే పొడవైన కాలిబాట నడుద్దామనుకుంటున్నాం. దారిలో హోటళ్ల రేట్లు చూస్తే కళ్లు తిరిగాయి. అందరివీ పార్ట్ టైమ్ జీతాలే, టెంట్ ఎవరి దగ్గరా లేదు. తక్కువలో అయ్యే దారి చెప్పగలరా?

*

తమ్ముడూ, ముందు ఆ ఎనిమిది మందీ రెండు మూడు జట్లుగా విడిపోండి. డార్మిటరీల్లో మంచాలు ఒకటో రెండో మిగులుతాయి కానీ ఎనిమిది ఒక్కసారి దొరకడం కష్టం. ఒకరోజు తేడాతో బయలుదేరితే సగం టెన్షన్ పోతుంది.

గ్లాస్గో పక్కనున్న మల్‌గై నుంచి ఫోర్ట్ విలియమ్ దాకా 154 కిలోమీటర్లు. అందరూ చేసే పని ఏమిటంటే, లీవు పెట్టేసి ఆ తర్వాత మంచాలు వెతుకుతారు. మీరు తిరగేసి చేయండి. ఈ దారిలో ఇరుకైన చోట్లు రెండు: లోమండ్ సరస్సు ఒడ్డున రోవర్‌డెన్నన్, పైన కింగ్స్‌హౌస్. అక్కడ ఊళ్లు లేవు. ఉన్న ఒకటి రెండు బసలు నిండితే పక్క వీధిలో ఇంకోటి ఉండదు. రోవర్‌డెన్నన్ యూత్ హాస్టల్లో ఏ రోజు ఖాళీ ఉందో, దాని తర్వాత మూడో రాత్రికి కింగ్స్‌హౌస్ బంక్‌హౌస్‌లో (డార్మిటరీ లాంటి బస) ఉందో లేదో చూడండి. రెండూ కలిసిన రోజే మీ ముహూర్తం. యూత్ హాస్టల్ అన్నారు కదా అని వయసు లెక్కలేం లేవు, అమ్మానాన్నలొచ్చినా ఉండొచ్చు.

మొదటి రాత్రికైతే బసకు పైసా ఖర్చు లేదు. డ్రైమెన్ దాకా 19 కిలోమీటర్లు నడిచి, బస్సులో బలోక్ వెళ్లి, అక్కడ గ్లాస్గో రైలెక్కి మీ గదిలోనే పడుకోండి. పొద్దున్నే మళ్లీ డ్రైమెన్‌లో దిగి మొదలుపెట్టండి. ఆ బస్సులు తక్కువ, ఆఖరిది ఎప్పుడో ముందే చూసుకోవాలి.

కింగ్స్‌హౌస్‌లో దొరక్కపోతే ప్లాన్ మానుకోనక్కర్లేదు. టిండ్రమ్, గ్లెన్‌కో, ఫోర్ట్ విలియమ్ మీదుగా కోచ్‌లు తిరుగుతాయి. మెయిన్ రోడ్డుకొచ్చి బస్సెక్కి గ్లెన్‌కో హాస్టల్లో పడుకుని, మర్నాడు బస్సెక్కిన చోటికే వచ్చి నడవండి. క్రియన్‌లారిక్ హాస్టల్ కూడా మంచిదే. దారి నుంచి ఊళ్లోకి దిగాలి, రైల్వే స్టేషన్ పక్కనే ఉంటుంది.

— స్టర్లింగ్ నుంచి, మాది తెనాలి

*

అక్క చెప్పింది బాగుంది. టెంట్ గురించి నేను చెప్తాను, ఎందుకంటే నిజంగా చవక అదే. స్కాట్లాండ్‌లో 2003 చట్టం ప్రకారం ఇళ్లకు, పొలాలకు దూరంగా, చెత్త వదలకుండా టెంట్ వేసుకోవచ్చు. కానీ లోమండ్ తూర్పు ఒడ్డున మార్చి 1 నుంచి సెప్టెంబరు 30 దాకా ఆ స్వేచ్ఛ లేదు. నేషనల్ పార్క్ వాళ్ల దగ్గర పర్మిట్ కొనాలి, లేదా సలోహీ లాంటి క్యాంప్‌సైట్‌లో దిగాలి. ఇన్వరార్నన్, టిండ్రమ్‌లలో కూడా క్యాంప్‌సైట్లున్నాయి. టెంట్ కొత్తది కొనకండి, ఇక్కడ చాలామంది దగ్గర ఊరికే పడి ఉంటుంది, అడగండి.

పూర్తిగా ఉచితమంటే బోథీలే, అంటే నడిచేవాళ్లు ఎవరైనా పడుకోగలిగే ఖాళీ రాతి ఇళ్లు. రోవర్‌డెన్నన్ దాటాక రోకోయిష్, ఇన్వర్‌స్నెయిడ్ దాటాక డూన్ బైర్. రాతి గోడలు, పైకప్పు, పడుకోవడానికి చెక్క అరుగు. కరెంటు లేదు, నీళ్ల కుళాయి లేదు, టాయిలెట్ బదులు చిన్న పార. బుకింగ్ ఉండదు కాబట్టి వెళ్లేసరికి నిండి ఉండొచ్చు. ఆరుగురు, అంతకు మించిన గుంపులు వెళ్లకూడదని నియమం. అందుకే టెంట్ లేకుండా బోథీనే నమ్ముకుని వెళ్లకండి.

ఇంకొకటి, ఆగస్టు అంటే మిడ్జ్‌లు. దోమకన్నా చాలా చిన్నవి, గాలి లేని సాయంత్రం మబ్బులా కమ్ముతాయి. టెంట్ జిప్పు తీసి షూ విప్పేలోపు చెవుల్లోకి, కనుబొమల్లోకి దూరతాయి. తలకు వేసుకునే వల కొనుక్కోండి. సెప్టెంబరు రెండో సగానికి జరుపుకోగలిగితే ఇంకా నయం.

— ఎడిన్‌బరో నుంచి, మాది వరంగల్

*

అక్కా, అన్నా, చాలా థాంక్స్. నలుగురు చొప్పున రెండు జట్లయ్యాం. హాస్టళ్లలో వండుకోవచ్చా? ముగ్గురం శాకాహారులం.

*

నిక్షేపంగా. యూత్ హాస్టళ్లలో అందరికీ కలిపి వంటగది ఉంటుంది, గిన్నెలు, స్టవ్ వాళ్లవే. రైస్ కుక్కర్ మోసుకెళ్లకండి. బియ్యం, పెసరపప్పు, కందిపొడి చాలు. నెయ్యి చిన్న సీసాలో పోసుకోండి. రోవర్‌డెన్నన్‌లో కొట్టు ఉండదు, డ్రైమెన్‌లోనే కొనేసుకోవాలి. మళ్లీ సరుకులు బాగా దొరికేది టిండ్రమ్‌లో. అక్కడి నుంచి కింగ్స్‌హౌస్ దాదాపు 30 కిలోమీటర్లు, ఆ రోజు మాత్రం పులిహోర పొట్లం కట్టుకుని తెల్లారకముందే బయల్దేరండి.

— స్టర్లింగ్ అక్క