నాన్నకు తూలు, జేజినాయనకూ తూలు: జీన్ టెస్టు చేయించినవాళ్లు చెప్పండి

చంద్రగిరి అబ్బోడు:
మా నాన్నకు 52. ఏటా శ్రీవారిమెట్టు దారిలో 2,388 మెట్లూ ఎక్కి దర్శనం చేసుకునే మనిషి. మూడేళ్ల కిందట మెట్ల మీద పక్కగోడ పట్టుకోవడం మొదలైంది. ఇప్పుడు చదును నేల మీదే తూలుతున్నాడు, మాట ముద్దగా వస్తోంది. చొక్కా గుండీలు అమ్మ పెడుతోంది. పోయిన నెల ఒక పెళ్లిలో ఎవరో 'పొద్దున్నే వేసుకొచ్చావా' అన్నారు. నాన్న జన్మలో మందు ముట్టలేదు. ఆ రోజు భోజనం చేయకుండానే వచ్చేశాడు.

జేజినాయన కూడా చివర్లో ఇలాగే నడిచేవాడట. కల్లు నరాలు తినేసిందని ఊరంతా అనేది. పెద్దత్త 45కే మంచం పట్టింది. ఎమ్మారైలో నాన్న చిన్న మెదడు కుంచించుకుపోయిందని తేలింది. జన్యుపరమైనది కావచ్చంటే అప్పు చేసి ఎగ్జోమ్ టెస్టు (జీన్‌లలో ప్రొటీన్ల తయారీకి పనికొచ్చే భాగాలను చదివే పరీక్ష) చేయించాం. 'ఏమీ దొరకలేదు' అని రిపోర్టు వచ్చింది. అంటే వంశానిది కాదనేనా? చెల్లెలికి సంబంధాలు చూస్తున్నాం. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

పలమనేరు అక్క:
తమ్ముడూ, ఆ రిపోర్టు చూసి ఊరట పడొద్దు. మేమూ ఇలాగే ఏడాది పోగొట్టుకున్నాం. మా ఆయనకు ఎస్‌సీఏ2, అంటే చిన్న మెదడు దెబ్బతిని నడక తూలే ఒక వంశపారంపర్య జబ్బు. ఎగ్జోమ్‌లో ముఖ్యంగా దొరికేవి అచ్చుతప్పుల్లాంటివి, అంటే ఒక అక్షరం బదులు ఇంకొకటి పడడం. ఈ జబ్బులో తప్పు అలాంటిది కాదు. 12వ క్రోమోజోమ్ మీద ఏటీఎక్స్‌ఎన్2 అనే జీన్‌లో సీఏజీ అనే మూడక్షరాల ముక్క మళ్లీ మళ్లీ వస్తుంది. ఎక్కువమందిలో అది 22 సార్లు ఉంటుంది. 33, ఆపైన ఉంటే జబ్బు. మామూలు ఎగ్జోమ్ జన్యువును చిన్న చిన్న ముక్కలుగా చదువుతుంది కాబట్టి ఈ లెక్క దానికి సరిగా అందదు. 'ఎస్‌సీఏ రిపీట్ ప్యానెల్' అని విడిగా అడగాలి. దీనికి ఆ ముక్క ఉన్నచోటును కాపీలు తీసి లెక్కపెట్టే పీసీఆర్ పద్ధతి ఉంది.

మా ఆయన లెక్క 40. మా మామకు 48 ఏళ్లకు మొదలైతే ఈయనకు 35కే మొదలైంది. ముక్కలు పెరిగేకొద్దీ జబ్బు ముందే వస్తుంది, తరం మారేటప్పుడు ఆ లెక్క ఇంకా పెరగొచ్చు.

ఇంకో మాట. మా ఆయన పేపర్ చదివేటప్పుడు వరుస మారినప్పుడల్లా కళ్లకు బదులు తల మొత్తం తిప్పేవాడు. మెడ నొప్పేమో అనుకుని నేను నూనె రాసేదాన్ని. వేలూరులో డాక్టరమ్మ రెండు వేళ్లు దూరంగా పెట్టి 'దీన్ని చూడు, ఇప్పుడు దాన్ని చూడు' అంది. మన కళ్లయితే టక్కున దూకుతాయి. ఈయనవి నత్తలా జరిగాయి. ఎస్‌సీఏ2లో చూపు అలా నెమ్మదించడం పెద్ద గుర్తట. మీ నాన్న కళ్లు ఒకసారి గమనించు.

చంద్రగిరి అబ్బోడు:
అక్కా, ఇప్పుడే చూశా. నాన్న కూడా తలే తిప్పుతున్నాడు.

పీలేరు రైతు:
మా ఇళ్లల్లో ఇలాంటివన్నీ మేనరికం వల్లే అంటారు. మీవాళ్లదీ మేనరికమేనా?

మదనపల్లి సిస్టర్:
అన్నా, మేనరికం మాట ఇక్కడ కలపొద్దు. ఎస్‌సీఏ2కైనా, హంటింగ్టన్ అనే ఇలాంటి ఇంకో మెదడు జబ్బుకైనా తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి ఒక్క చెడిన కాపీ వస్తే చాలు. ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. పరాయి సంబంధం చేసుకున్నా అంతే. అన్నకు వచ్చింది కాబట్టి తమ్ముడు బతికిపోయాడు అనే లెక్క కూడా ఉండదు.

ఇద్దరి నుంచీ చెడిన కాపీ వస్తేనే బయటపడే జబ్బుల్లోనే మేనరికం ప్రమాదాన్ని పెంచుతుంది.

జన్యువు వైపు వెళ్లేముందు బీ12, థైరాయిడ్, విటమిన్ ఈ చూపించారా? విటమిన్ ఈ తక్కువవడం వల్ల కూడా తూలు వస్తుంది, అది మందుకు లొంగుతుంది. ముందు వాటిని దాటండి.

నగరి పాప:
సిస్టర్ చెప్పిన రెండో రకం మా ఇంట్లో ఉంది. మా అమ్మానాన్నలది కాదు, అమ్మ తల్లిదండ్రులది మేనరికం. అమ్మకు 58 ఏళ్లప్పుడు కుళాయి దగ్గర ముఖానికి సబ్బు పెట్టుకుని కళ్లు మూసుకోగానే పడిపోయింది. మణికట్టు విరిగితే పుత్తూరు కట్టు కట్టించాం, చక్కగా అతుక్కుంది. రెండు నెలలకు కరెంటు పోయినప్పుడు మళ్లీ పడింది. కళ్లు మూసినా, చీకటైనా అమ్మకు కాళ్లు ఎక్కడున్నాయో తెలియడం లేదని అప్పుడు అర్థమైంది. అంతకుముందు పదేళ్లుగా పొడి దగ్గు. సిరప్‌లు, మిరియాల కషాయం అన్నీ అయ్యాయి. చివరికి ఆర్‌ఎఫ్‌సీ1 అనే జీన్‌లో తప్పుందని తేలింది. ఆ తప్పు వల్ల ఈ జబ్బు వస్తుందని 2019లో కనిపెట్టారట. ఆ దగ్గు కూడా ఈ జబ్బులో భాగమే. ఇప్పుడు స్నానాల గదిలో గోడకు కడ్డీ పెట్టించాం, రాత్రంతా జీరో బల్బు వెలుగుతుంది. పడడం బాగా తగ్గింది.

పలమనేరు అక్క:
జబ్బును ఆపే మందు ఇంకా లేదు తమ్ముడూ. కానీ ఫిజియో మానకండి. మా ఆయన రోజూ గోడ పక్కన నిలబడి బ్యాలెన్స్ వ్యాయామాలు చేస్తాడు, వారం మానితే తేడా నాకే కనిపిస్తుంది. నీళ్లు తాగేటప్పుడు గడ్డం దించమని చెప్పారు, పొలమారడం తగ్గింది. సదరం సర్టిఫికెట్‌కు కూడా పెట్టండి, 2016 చట్టంలో దీర్ఘకాలిక నరాల జబ్బులు ఉన్నాయి.

చెల్లెలి సంగతి చెప్తా, కోప్పడొద్దు. ఆ అమ్మాయి రక్తం మీరెవరూ నిర్ణయించి తీయించొద్దు. ముందు నాన్నది తేలాలి. తర్వాత తెలుసుకోవాలా వద్దా అనేది ఆమె ఇష్టం. జెనెటిక్ కౌన్సెలర్‌తో కూర్చున్నాకే చేయించుకోవాలి. మా పెద్దోడికి 20, ఇంకా వద్దంటున్నాడు. నేను మళ్లీ అడగలేదు. చిన్నోడికి 14, పద్దెనిమిది నిండేదాకా ఆ ప్రసక్తే లేదు.

చంద్రగిరి అబ్బోడు:
రాత్రి చెల్లెల్ని కూర్చోబెట్టి మీరు రాసినవన్నీ చదివి వినిపించా. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత 'చూపులు కొన్నాళ్లు ఆపండి, వచ్చేవాళ్ల దగ్గర దాచి నన్ను పంపొద్దు, నా టెస్టు సంగతి నేను చెప్తా' అంది. అమ్మ ఏడ్చింది. నాన్న మాత్రం 'మా నాయన తాగుబోతు కాదన్నమాట' అన్నాడు. నలభై ఏళ్లుగా ఆ మాట మోస్తున్నాడని నాకు ఇన్నాళ్లూ తెలియదు.

సోమవారం రిపీట్ టెస్టుకు రక్తం ఇస్తున్నాం. పెద్దత్త కొడుకులిద్దరూ శ్రీకాళహస్తిలో ఉన్నారు, ఆదివారం వెళ్లి వాళ్లకు ఎదురుగా కూర్చుని చెప్తా, ఫోన్‌లో చెప్పే మాట కాదు. నంబర్ రాగానే ఇక్కడ రాస్తానక్కా.