స్కార్‌బరో ఫెయిర్ పాటకి 'రచన' అని ఎవరి పేరు రాయాలి?

అలిపిరి అమ్మ:
మాది తిరుపతి. మా పాప తొమ్మిదో తరగతి, స్కూల్ యాన్యువల్ డేకి ఈ ఇంగ్లీషు పాట పాడుతోంది, నెల రోజులుగా ఇంట్లో ఇదే, తాలింపు పెడుతూ నేనూ పాటలో మళ్లీ మళ్లీ వచ్చే ఆ నాలుగు ఆకుల పేర్లే (పార్స్‌లీ, సేజ్, రోజ్‌మేరీ, థైమ్) కూనిరాగం తీస్తున్నా. ప్రోగ్రాం షీట్‌లో 'రచన' అన్నచోట పాప దీన్ని రికార్డు చేసిన అమెరికా గాయకుల జంట సైమన్, గార్‌ఫంకెల్ అని రాస్తే టీచర్ కొట్టేసి 'జానపదం' అని రాశారు. ఏది కరెక్టు? ఇంకో డౌటు, పాటలో సూది పెట్టకుండా చొక్కా కుట్టమనడం ఏంటండీ?

ఆరు తీగలు:
టీచర్ చెప్పిందే కరెక్టు అక్కా, కానీ ఆ ఒక్క మాటతో వదిలేస్తే అన్యాయం. పాల్ సైమన్ 1965లో లండన్‌లో మార్టిన్ కార్తీ అనే గాయకుడి దగ్గర ఇది నేర్చుకున్నాడు. పాప ఇష్టపడే ఆ గిటార్ అల్లిక కార్తీ కూర్చినదాని మీదే నిలబడింది. 1966లో రికార్డు వచ్చింది, మరుసటి ఏడాది 'ది గ్రాడ్యుయేట్' సినిమాతో అందరికీ చేరింది, రికార్డు మీద మాత్రం కార్తీ పేరు లేదు. ఆయన చాలా ఏళ్లు బాధపడ్డాడు. చివరికి 2000లో లండన్ కచేరీకి సైమన్ పిలిచి, ఇద్దరూ కలిసి పాడారు. కింద రెండో గొంతులో వినిపించే యుద్ధం మాటలు మాత్రం సైమన్‌వే, తన పాత పాటలోంచి తీసుకున్నాడు. కార్తీకి కూడా ఊరికే రాలేదు, ఉత్తర ఇంగ్లండులో సీసం గనిలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన పాడగా జానపద గాయకుడు ఇవాన్ మెకాల్ రాసుకున్న పాట అది.

చెనక్కాయల చేను:
నాకు పట్టింది ఆ పనులే. సముద్రానికీ ఒడ్డుకీ మధ్య ఎకరం నేల చూడాలట, పాత పాఠాల్లో ఐతే దాన్ని పొట్టేలు కొమ్ముతో దున్ని, ఒక్క మిరియం గింజతో అంతా విత్తాలి, తోలు కొడవలితో కొయ్యాలి. మా నాన్న గొర్రు పట్టి చెనక్కాయలు వేసినవాడు, అర్థం చెప్తే 'పిల్లనియ్యడం ఇష్టం లేనోడు పెట్టే షరతులు కదరా' అన్నాడు. దాదాపు అంతే. దీని మూలం 'ఎల్ఫిన్ నైట్' అనే స్కాట్లండ్ పాట, అచ్చులో 1670 ప్రాంతం నుంచే ఉంది. అందులో ఒక మాయగాడు అమ్మాయికి అసాధ్యమైన పనులు పెడతాడు, ఆ పిల్ల తగ్గకుండా అంతే అసాధ్యమైనవి తిరిగి అతనికి పెట్టి తప్పించుకుంటుంది. సైమన్ వాళ్ల రికార్డులో ఆ పిల్ల జవాబు లేదు, పనులన్నీ ఆమె మీదే పడ్డాయి. నాకు ఇది నిజంగా బాధే. పాట పేరులోని స్కార్‌బరో సంత (ఫెయిర్) మాత్రం ఉత్త ఊహ కాదండి, 1253లో మూడో హెన్రీ రాజు అనుమతి ఇచ్చాడు, ఆగస్టు 15 నుంచి 45 రోజులు జరిగేది.

కపిలతీర్థం:
మన ఊళ్లో ఉండి ఇది అర్థం కాకపోవడమేంటి! అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకుల మీద రాగం పేర్లతో సహా దొరికాయి, కానీ పాడే వరస చాలావాటికి మిగల్లేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి గారు కొత్తగా స్వరపరిచారు. అక్కడ రచన అన్నమయ్య, స్వరం ఫలానా అని రెండూ వేస్తాం కదా. ఇక్కడ రచయిత లేడు, అమర్చినవాళ్లు ఉన్నారు. 'సంప్రదాయ ఆంగ్ల గీతం, అమరిక: మార్టిన్ కార్తీ, సైమన్, గార్‌ఫంకెల్' అని రాయించండి.

అలిపిరి అమ్మ:
అందరికీ చాలా థాంక్స్. షీట్‌లో అలాగే రాయించాను, గడి సరిపోక కార్తీ పేరు కింద లైనులోకి పోయింది. పాప ఇప్పుడు ఆ అమ్మాయి జవాబు కూడా పాడతానంటోంది, పాత పాఠంలోంచి రెండు చరణాలు వెతుక్కుని రాత్రి నుంచి ప్రాక్టీస్ మొదలెట్టింది.