గైడ్‌ల దూరాలను పట్టిక చూసి పెట్టాలా, బ్లాంక్ వంపు చూసి పెట్టాలా?

కొత్తకర్ర:
చేపలు పట్టడానికి 7 అడుగుల స్పిన్నింగ్ రాడ్ (రీల్, గైడ్‌లు కిందివైపు ఉండే గాలపు కర్ర) ఒకటి సొంతంగా కట్టుకుంటున్నాను. బ్లాంక్ (గైడ్‌లు, పిడి ఇంకా అమర్చని వట్టి కర్ర) ఫాస్ట్ యాక్షన్‌ది, అంటే కొస దగ్గర త్వరగా వంగి, మొదలు వైపు గట్టిగా నిలిచే రకం. దానితో పాటు వచ్చిన పట్టికలో టిప్ టాప్ (కొసన ఉండే చివరి రింగు) కాక 8 గైడ్‌లు (లైను దూరి పోయే రింగులు), కొస నుంచి ఒక్కోదానికి ఉండవలసిన దూరం ఇచ్చారు. రాడ్లు కట్టడంలో అనుభవమున్న ఒకరు మాత్రం ఆ కాగితం పక్కన పెట్టి, బ్లాంకును బరువుతో వంచి చూసి గైడ్‌లు అమర్చుకోమంటున్నారు. గైడ్ కాళ్లను దారంతో చుట్టి, ఎపాక్సీ (గట్టిపడే జిగురు) పూశాక మార్చాలంటే అంతా కోసి మళ్లీ మొదలుపెట్టాలి కనుక ముందే తేల్చుకోవాలనుకుంటున్నాను. రెండింటిలో దేన్ని నమ్మాలి? స్పైన్, అంటే బ్లాంక్ తనంత తానే తిరిగి కుదురుకునే దిక్కు, చూసి తీరాలని కూడా అంటున్నారు, అది నిజంగా అంత ముఖ్యమా?

కొలతబద్ద:
పట్టికనే నమ్మండి. బ్లాంక్ తయారుచేసినవారికి దాని వంపు మనకంటే బాగా తెలుసు. మొదటి రాడ్ కడుతున్నవారికి వంపులో ఏది సరైనదో, ఏది కాదో కంటికి ఆనదు. పట్టిక ప్రకారం కట్టిన రాడ్ అందరికీ ఒకేలా పనిచేస్తుంది. రేపు ఒక గైడ్ విరిగి ఊడిపోయినా దాని చోటు వెతుక్కోనక్కరలేదు. అడుగుల పొడవుకు ఒకటి కలిపితే గైడ్‌ల సంఖ్య వస్తుందన్న పాత లెక్కకు కూడా మీ 8 సరిపోతోంది.

దారంచుట్ట:
కొలతబద్ద గారు చెప్పినదాంట్లో న్యాయముంది. పట్టిక లేకుండా మొదలుపెట్టడం నాకూ ఇష్టం ఉండదు. అయితే ఈ వాదన ఎప్పుడూ తెగకపోవడానికి కారణం, రాడ్ మీద ఉన్న రెండు వేర్వేరు సమస్యలకు ఒకే జవాబు వెతకడమేనని నా అభిప్రాయం. రీల్ నుంచి వెడల్పాటి చుట్లుగా విడివడే లైనును అణిచి సన్నని దారిలోకి తేవడం మొదటి సమస్య. అక్కడి నుంచి కొస వరకు, చేప లాగినప్పుడు, లైను బ్లాంక్ వంపును వదలకుండా పోయేలా చూడడం రెండోది. మొదటిదాన్ని రీల్ నిర్ణయిస్తుంది, రెండోదాన్ని బ్లాంక్ నిర్ణయిస్తుంది.

రీల్ సంగతి ముందు చూద్దాం. మీరు ఏ రీల్ పెడతారో, పిడి ఎంత పొడవు ఉంచుకుంటారో పట్టిక రాసినవారికి తెలిసే అవకాశమే లేదు. గైడ్‌లు తయారుచేసే ఫ్యూజీ కంపెనీ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో, స్పూల్ (రీల్‌లో లైను చుట్టి ఉండే భాగం) వ్యాసాన్ని 27తో గుణిస్తే వచ్చే దూరంలో, స్పూల్ నుంచి కొలిస్తే, చోక్ గైడ్, అంటే లైను చుట్లు పూర్తిగా అణిగే గైడ్, ఉంటుంది. మీ స్పూల్ వ్యాసం 45 మి.మీ. అనుకుంటే ఆ దూరం 1,215 మి.మీ. పిడి చివర నుంచి స్పూల్ 38 సెం.మీ. దగ్గర ఉంటే, చోక్ గైడ్ కొసకు సుమారు 54 సెం.మీ. ఇవతల పడుతుంది. అదే రాడ్‌కు 40 మి.మీ. స్పూల్ ఉన్న రీల్ తగిలిస్తే దూరం 1,080 మి.మీ.కి తగ్గుతుంది. బ్లాంక్ అదే, పట్టిక అదే, కానీ గైడ్ 13.5 సెం.మీ. వెనక్కి వచ్చింది. ఇంత తేడాను ఒకే కాగితం ఎలా పట్టుకుంటుంది?

లెక్క నచ్చకపోతే కంటితో చూసే దారి ఉంది. రీల్ బిగించి, స్పూల్ ఇరుసు చూపే దిక్కులోనే ఒక తిన్నని పుల్లనో బిగువైన దారాన్నో ముందుకు సాగదీయండి. అది బ్లాంకును ఎక్కడ తాకుతుందో దాని పరిసరాల్లోనే చోక్ గైడ్ ఉండాలి. స్పూల్ అంచు నుంచి ఆ గైడ్ రింగు వరకు ఒక గరాటు ఊహించుకుంటే, మధ్యలో వచ్చే పెద్ద గైడ్‌ల రింగులు ఆ గరాటులో ఇమడాలి. మొదటి గైడ్ సరైన చోట లేకపోతే, విసిరినప్పుడు లైను చుట్లు బ్లాంకును కొడుతున్న చప్పుడు చేతికే తెలుస్తుంది.

చోక్ గైడ్ దాటాక బరువు పరీక్షే ప్రమాణం. గైడ్‌లను మాస్కింగ్ టేపుతో తాత్కాలికంగా అంటించి, లైను ఎక్కించి, పిడిని కదలకుండా బిగించి కొసను కిందికి లాగండి. వెనుక ముదురు రంగు గుడ్డ కట్టి తెల్ల లైను వాడితే తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఏ రెండు గైడ్‌ల మధ్య బ్లాంక్ గుండ్రంగా వంగుతుంటే లైను తాడు బిగించినట్టు తిన్నగా అడ్డదారిన పోతోందో అక్కడ దూరం ఎక్కువైందని అర్థం. ఆ రెంటిలో పిడివైపు ఉన్న గైడ్‌ను ఒక సెంటీమీటరు కొసవైపు జరిపి మళ్లీ చూడండి. ఫాస్ట్ యాక్షన్ బ్లాంక్ కనుక కొస దగ్గరి గైడ్‌లు ఒకదానికొకటి దగ్గరగా, కిందికి వచ్చేకొద్దీ ఎడంగా వస్తాయి.

తేలికచేయి:
బరువు పరీక్షను అందరూ పొగుడుతుంటారు కానీ, అది గైడ్‌ల సంఖ్యను పెంచే పద్ధతి అని మాత్రం ఎవరూ చెప్పరు. బాగా వంచితే ఎక్కడో ఒకచోట లైను తిన్నగానే కనిపిస్తుంది, వెంటనే ఇంకో గైడ్ వేయాలనిపిస్తుంది. ప్రతి గైడ్‌తో లోహం, దారం, ఎపాక్సీ బరువు కలుస్తాయి. అది కొసకు చేరితే విసిరిన తర్వాత కొస కుదుటపడడం ఆలస్యమవుతుంది. చేతికి అందే సున్నితత్వం తగ్గుతుంది. రోజంతా చేసేది విసరడమే, చేపతో పెనుగులాడేది కొద్ది నిమిషాలు. ఆ కొద్ది నిమిషాల కోసం రాడ్‌ను మొద్దు చేయడం నాకు సమ్మతం కాదు.

దారంచుట్ట:
తేలికచేయి గారి ఆందోళన సరైనదే. కొస వైపు బరువు ఎంత కీడు చేస్తుందో విసిరినవారికి తెలుసు. అందుకే సంఖ్య తగ్గించడం కంటే పరిమాణం తగ్గించడాన్ని నేను ఎంచుకుంటాను. చోక్ గైడ్ దాటాక ఒంటికాలు గైడ్‌లే చాలు, వాటి రింగులు కూడా లీడర్ (లైను చివర కట్టే వేరే లైను ముక్క) ముడి చిక్కుకోకుండా పోగలిగినంత చిన్నవి వేసుకోవచ్చు.

పైగా స్పిన్నింగ్ రాడ్‌లో గైడ్‌లు కిందివైపు ఉంటాయి కాబట్టి, లైను కొంచెం అడ్డదారిన పోయినా బ్లాంకును తాకదు. అక్కడ కొద్దిపాటి తిన్నదనాన్ని సహించవచ్చు. గైడ్‌లు పైవైపు ఉండే బెయిట్ కాస్టింగ్ రాడ్‌లో మాత్రం, వంపు పెరిగితే లైను బ్లాంకుకు రాసుకుంటుంది, ఇంకా పెరిగితే పక్కకు జారి దాని కిందికి దిగుతుంది. ఆ రాపిడి లైనుకూ చేటే, బ్లాంకుకూ చేటే. ఆ రకం రాడ్‌లో ఒక గైడ్ అదనంగా పడినా నేను వెనుకాడను.

స్పైన్ గురించి అడిగారు. బ్లాంకును వంచి దొర్లిస్తే అది తనంత తానే ఒక దిక్కుకు తిరిగి కుదురుకుంటుంది, ఆ దిక్కునే స్పైన్ అంటారు. దాన్ని పట్టించుకోకపోతే రాడ్ మెలితిరుగుతుందని చాలాకాలంగా చెబుతున్నారు. నేను ఒప్పుకోను. గైడ్‌లను స్పైన్ ప్రకారమే పైవైపు టేపుతో అంటించి, పిడిని స్వేచ్ఛగా తిరగనిచ్చి లైను లాగి చూడండి, గైడ్‌లు కిందికి వచ్చేదాకా రాడ్ తిరిగిపోతుంది. లైను బ్లాంక్ ఇరుసుకు పైన ఉండి లాగడమే ఆ మెలికకు అసలు కారణం. మొదటి గైడ్‌ను పైన ఉంచి, తర్వాతివాటిని క్రమంగా పక్కనుంచి కిందికి తిప్పే స్పైరల్ పద్ధతి పుట్టింది ఇందుకే. మీది స్పిన్నింగ్ రాడ్, ఆ చిక్కే లేదు. బ్లాంకుకు సహజంగా చిన్న వంకర ఉంటే, గైడ్‌ల వైపు నుంచి చూసినప్పుడు తిన్నగా కనిపించేలా తిప్పి పెట్టుకోండి.

కొలతబద్ద:
రీల్ లెక్క విన్నాక, చోక్ గైడ్ దాకా పట్టిక పనికిరాదని ఒప్పుకుంటున్నాను. కొస వైపు మాత్రం దాన్ని వదలమనను. పరీక్షలో తేడా వచ్చినా అది ఒకటి రెండు సెంటీమీటర్లకు మించకపోవచ్చు.

కొత్తకర్ర:
అయితే పట్టిక కొలతలతో టేపు వేసి, రీల్ తగిలించి, ఆపై వంచి చూస్తాను. ఎంత బరువు వేలాడదీయాలి?

దారంచుట్ట:
రెండు దశల్లో చేయండి. మొదట కొస మాత్రమే వంగేంత తేలిక బరువుతో కొస దగ్గరి గైడ్‌లను సర్దండి. తర్వాత బ్లాంక్ నడుము వంగేదాకా బరువు పెంచి, మధ్య గైడ్‌లను మాత్రమే కదపండి. పిడిని మరీ నిటారుగా ఎత్తి లాగకండి, ఆ కోణంలో భారమంతా కొస మీదే పడి విరిగిపోగలదు. చివరగా టేపుతోనే ఆరుబయట తేలిక ఎరతో విసిరి చూసి, చోట్లను మైనపు పెన్సిల్‌తో గుర్తించి, ఆ తర్వాతే దారం మొదలుపెట్టండి. విసిరేటప్పుడు మీరు వాడబోయే లీడర్ ముడినే కట్టి ఉంచండి. అది చోక్ గైడ్ దగ్గర చిక్కుకుంటే గైడ్‌ను జరిపి లాభం లేదు, రింగు ఒక సైజు పెంచాలి.