చైనా క్రీడాకారిణుల అనుమానాస్పద మరణాలు: నవలలో వారు దోషులా, బాధితులా?

వెన్నెలదారి:
2000 నాటి బీజింగ్ నేపథ్యంగా ఒక అపరాధ పరిశోధన నవల రాస్తున్నాను. సిడ్నీ ఒలింపిక్స్‌కు ముందు, దూరపు పరుగుల జట్టులోని అమ్మాయిలు ఒకరి తరువాత ఒకరు నిద్రలోనే చనిపోతారు. ఎర్ర రక్తకణాలను పెంచే, క్రీడల్లో నిషేధించిన ఈపీఓ అనే మందు వల్ల రక్తం చిక్కబడి గడ్డకట్టిందని శవపరీక్షలో తేలుతుంది. ఆ ఏడాదే ఈపీఓ పరీక్షలు మొదలవుతుండగా చైనా నిజంగానే 27 మంది క్రీడాకారులను జట్టు నుంచి తప్పించింది కనుక, పరీక్షల్లో పట్టుబడతామన్న భయాన్నే ఈ మరణాల వెనకున్న హత్యలకు కారణంగా తీసుకున్నాను. అయితే చనిపోయిన అమ్మాయిలను పాఠకుడు ఎలా చూడాలన్నది తేల్చుకోలేకపోతున్నాను.

నాలుగోగీత:
దోషులుగానే చూపండి. 1993 సెప్టెంబరు 8న బీజింగ్‌లో చైనా క్రీడాకారిణి వాంగ్ జున్షియా పదివేల మీటర్లను 29 నిమిషాల 31.78 సెకన్లలో పరిగెత్తి, పాత ప్రపంచ రికార్డును ఒకేసారి 42 సెకన్లు తగ్గించారు. అది సహజమైన పరుగని నేను నమ్మను.

కొండగాలి:
ఆమె ఏ పరీక్షలోనూ పట్టుబడలేదు. ఎత్తైన ప్రాంతాల్లో కఠోర శిక్షణ, తాబేలు రక్తం ఇవే కారణమని ఆమె కోచ్ మా జున్‌రెన్ చెప్పారు.

నాలుగోగీత:
తాబేలు రక్తంతో 42 సెకన్లు తగ్గవు. ఆ రికార్డు 2016లో రియో ఒలింపిక్స్‌లో ఇథియోపియా క్రీడాకారిణి అల్మాజ్ అయానా వచ్చేదాకా కదలలేదు.

పాఠకుడు77:
నవల గురించి అడిగితే సెకన్ల లెక్క దగ్గరే ఆగిపోయాం.

నాలుగోగీత:
ఆగిపోవడానికి నాకు కారణముంది. జిల్లా పోటీల్లో 800 మీటర్లలో నేను నాలుగోవాడిని. మూడోవాడి సంచిలో సూదులు కళ్లారా చూశాను. క్రీడా కోటా సీటు అతనికే వెళ్లింది.

అక్క:
మా చెల్లెలికి అప్పుడు పదిహేనేళ్లు. కోచ్ విటమిన్ అని మాత్ర ఇచ్చి, నాలుక ఎత్తించి, మింగిందో లేదో టార్చి వేసి చూసేవాడు. దాన్ని మీరు మోసమంటారా? మీరు చెప్పిన వాంగ్ జున్షియా, తోటి అమ్మాయిలు 1995లో సంతకాలు చేసి ఒక పాత్రికేయుడికి ఇచ్చారని చెబుతున్న లేఖ 2016లో బయటికి వచ్చింది. ఏళ్ల తరబడి తమచేత బలవంతంగా మందులు వాడించారని అందులో ఉంది. అలాంటివారిని చనిపోయాక కూడా బోనులో నిలబెట్టమంటున్నారు మీరు.

నాలుగోగీత:
నా కోపం మీ చెల్లెలి మీద కాదమ్మా. బాధితురాలని రాయగానే అందరి కన్నీళ్లూ ఆమెకే దక్కుతాయి, పతకమూ ఆమె ఇంట్లోనే ఉంటుంది. ఏ మందూ వాడకుండా నాలుగో స్థానంలో వచ్చిన అమ్మాయి మూడు వందల పుటల్లో ఒక్కసారి కూడా కనబడదు. నా బాధ అది.

అక్క:
ఆ అమ్మాయి కనబడాలి, కాదనను. ఆమెకు జరిగిన అన్యాయానికి లెక్క చెప్పాల్సింది మాత్రం టార్చి పట్టుకున్నవాడు.

వెన్నెలదారి:
నా నవలలో నాలుగో స్థానంలో వచ్చిన అమ్మాయే లేదు. ఆమె లేకుండా రాసిన పదకొండు అధ్యాయాలనూ మళ్లీ మొదటి నుంచి చూస్తాను.